విన్నపాల పళ్లెం

పెళ్లయి తొంభై ఆరు రోజులు. ఈ లెక్క రెజీనా ఎవరికీ చెప్పలేదు, చెబితే నవ్వుతారని. కర్నూలు కల్లూరులో వాళ్లు అద్దెకు దిగిన రెండు గదుల ఇంట్లో ప్రతి పొద్దునా ఏదో ఒక చిన్న సంతోషం ఆమె కోసం కాచుకుని కూర్చునేది. వంటింటి కిటికీ తెరిస్తే చపాతీ అంత ఎండ వచ్చి సరిగ్గా పొయ్యి పక్కన పడేది. సందు చివరి బండి దగ్గర బొరుగుల ఉగ్గాని కట్టించుకొస్తే, పొట్లంలోని మూడు బజ్జీల్లో మూడోదాన్ని అవినాష్ అడక్కుండానే ఆమె పళ్లెం వైపు జరిపేవాడు. అలా జరపడంలో ఏముందో చెప్పమంటే చెప్పలేదు గానీ, ఆ బజ్జీ కోసం పుట్టింటి ఊరు బేతంచెర్ల నుంచి నడిచి రమ్మన్నా వచ్చేది.

ఆ శుక్రవారం మూడు బజ్జీలూ పొట్లంలోనే ఉండిపోయాయి. అవినాష్ ఉగ్గాని రెండు ముద్దలు కెలికి లేచాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా సంచిలో పెట్టుకుని, "రాళ్లవంకకు పోయి అట్నుంచి అటే స్టూడియోకు పోతా. ఫోను ఎత్తకపోతే కంగారు పడొద్దు," అని బండి ఎక్కాడు. రాళ్లవంక మైదుకూరు దారిలో ఉన్న చిన్న మున్సిపాలిటీ. సోమవారం అక్కడ పోలింగు.

చొక్కా రంగు గురించి ఆ ఇంట్లో జాగ్రత్త ఎక్కువ. పెళ్లయిన కొత్తలో ఆమె ముచ్చటపడి కొన్న చిలకపచ్చ చొక్కా వేసుకుని అతను టీవీలో కూర్చుంటే, వెనకున్న పచ్చతెరతో పాటు చొక్కా కూడా మాయమైపోయింది. జిల్లా పటం మీద అతని తల ఒక్కటే తేలుతూ పదమూడు నిమిషాలు రాజకీయాలు మాట్లాడింది. బేతంచెర్లలో రెజీనా తండ్రి పనిచేసే బండల పాలిషింగ్ ఫ్యాక్టరీలో అవినాష్‌ను ఇప్పటికీ 'తలకాయ అల్లుడు' అంటారు.

అవినాష్ డోన్ వాడు. తండ్రి ఏసన్న రైలు పట్టాల గ్యాంగులో చేసి రిటైరయ్యాడు. డిగ్రీ కాగానే అవినాష్ ఒక సర్వే సంస్థలో చేరి, చంకలో కాగితాల కట్టతో ఎండలో ఇల్లిల్లూ తిరిగాడు. 'మీరు ఎవరికి ఓటేస్తారు?' అని అడిగితే ఎవరూ నిజం చెప్పరని మొదటి నెలలోనే అర్థమైంది. అప్పటి నుంచి 'మీ పక్కింటోళ్లు ఎవరికి వేస్తారు?' అని అడగడం మొదలుపెట్టాడు. పక్కింటోళ్ల పేరు పెట్టి అందరూ తమ మనసులో మాటే చెప్పేవారు. ఆ ఒక్క ప్రశ్న అతన్ని వాసుదేవ్ ఆఫీసుకు చేర్చింది. వాసుదేవ్ కడప మనిషి, ఒక పార్టీకి వ్యూహాలు అల్లేవాడు. ఏడేళ్లలో అవినాష్ అతని కుడిచెయ్యి అయ్యాడు. నాయకుడు ఏ ఊళ్లో కారు దిగి నడవాలి, ఏ వీధిలో ఏ ముసలమ్మ చెయ్యి పట్టుకోవాలి, ఆమె ఏం అడిగితే ఏం చెప్పాలి, అన్నీ ముందురోజే రాసి ఇచ్చేవాడు. పోయిన ఎన్నికల్లో ఆ పార్టీ ఓడింది. ఓడిపోతామని రెండు నెలల ముందే చెప్పిన అవినాష్ మీదే అందరికీ కోపం. ఆఫీసుకు తాళం పడింది. 'ఎందుకు ఓడారో చెబుతారా' అని కర్నూలులోని ఒక చిన్న చానల్ వాళ్లు పిలిస్తే, కాగితం ముక్క లేకుండా నలభై నిమిషాలు చెప్పాడు. మర్నాడూ పిలిచారు. ఇప్పుడు రోజూ సాయంత్రం ఏడింటికి అతని పేరు కింద 'రాజకీయ విశ్లేషకుడు' అని పడుతుంది. బస్టాండులో జనం గుర్తుపట్టి పలకరిస్తారు.

ఆ పక్కింటి ప్రశ్న ఇంట్లో వాళ్లిద్దరి ఆటగా మారిపోయింది. కూర ఎలా ఉందని రెజీనా ఎప్పుడూ నేరుగా అడగదు.

"పక్కింటాయనకు ఈ వంకాయ నచ్చుతాదంటారా?"

"పక్కింటాయన ఉప్పు తక్కువ అంటాడు. నేనైతే ఏమనను."

ఆ శుక్రవారానికి ముందు మంగళవారం వాసుదేవ్ ఇంటికి వచ్చాడు. ఖర్జూరాల డబ్బా తెచ్చాడు, కాఫీ బాగుందన్నాడు, రెజీనాను 'మా తమ్ముని భార్య' అన్నాడు. అతను వెళ్లాక అవినాష్ చెప్పాడు. రాళ్లవంకలో వాసుదేవ్ పార్టీ ఎనిమిది శాతం ముందుందని, అది తన సొంత సర్వే అని, శుక్రవారం కార్యక్రమంలో చెప్పాలట. అటూ ఇటూ ఊగే జనం గెలిచే వైపు వాలతారట. చెబితే వచ్చే నెల నుంచి హైదరాబాదులో పెద్ద చానల్లో కుర్చీ ఖాయమట.

"నిజానికి ఎంతుండాది?"

"ఆరు శాతం వెనకబడి ఉండారు."

"మీరేమన్నారు మరి?"

"ఇంకా ఏం తేల్చుకోలేదు," అన్నాడతను, ఖర్జూరం గింజను వేళ్ల మధ్య తిప్పుతూ.

దాన్ని రెజీనా 'లేదు' కిందే లెక్క వేసుకుంది. తన భర్త అబద్ధం చెప్పడు. పాత యజమానికి ముఖం మీద చెప్పలేక నలుగుతున్నాడు, అంతే. బుధ, గురువారాల్లో అతను అన్నం సరిగ్గా తినకపోవడానికీ కారణం అదే అనుకుంది. తను చేయగలిగింది ఏముంది? ప్రార్థన.

సందు మలుపులోని చర్చిలో శుక్రవారాలు స్త్రీల ఉపవాస ప్రార్థన. ఆ ప్రార్థనకు ఆమె పోవడం అదే మొదటిసారి. లోపల ముందువైపు బల్ల మీద ఇత్తడి పళ్లెం, అందులో చీటీలు. అది చూడగానే ప్రాణం లేచొచ్చింది. బేతంచెర్లలోనూ అంతే. విన్నపాలు చీటీ రాసి పళ్లెంలో వేస్తారు. పాస్టరు పళ్లెం మీద చెయ్యి ఉంచి అన్నిటికీ కలిపి ఒకే ప్రార్థన చేసి, చీటీలు విప్పకుండానే కాల్చేస్తారు. వాటిని దేవుడు తప్ప ఎవరూ చదవరు.

రెజీనా బీఈడీ చదివింది. ఐదు మార్కుల ప్రశ్నకు మూడు పేజీలు రాసే రకం. దేవునికైనా సంగతి పూర్తిగా చెప్పకపోతే ఎలా అనుకుని, నోటుబుక్కు కాగితం చించి, నీలం సిరాతో ముత్యాల్లాంటి అక్షరాలతో ఒక పేజీ నింపింది. అవినాష్ పేరు, వాసుదేవ్ పేరు, ఎనిమిది శాతం, ఆరు శాతం, హైదరాబాదు కుర్చీ, ఏడు గంటల కార్యక్రమం, అన్నీ. చివర ఇలా రాసింది: 'నా భర్త అబద్ధం చెప్పే మనిషి కాదు ప్రభువా. కాదని చెప్పే ధైర్యము ఆయనకు దయచేయుము.' నాలుగు మడతలు పెట్టి పళ్లెంలో వేసి, వెనక వరుసలో తేలిగ్గా కూర్చుంది.

పాస్టరు భార్య విశ్వాసమ్మ మైకు ముందుకొచ్చింది. మొదటి చీటీ విప్పింది.

"మన గురమ్మక్క మోకాళ్ల నొప్పులు. తండ్రీ, ముట్టండి నాయనా!"

"స్తోత్రం!" అన్నారు అందరూ.

రెజీనాకు అప్పుడు అర్థమైంది. ఇక్కడ చదువుతారు. చదవడమే కాదు, చర్చి కప్పు మీద నాలుగు దిక్కులకూ కట్టిన నాలుగు మైకుల్లోనూ చదువుతారు. మోకాళ్ల నొప్పులు కల్లూరు కాలువ దాకా వినిపించి ఉంటాయి. ఆమె సగం లేచింది. పక్కనున్న ముసలామె కొంగు పట్టి కూర్చోబెట్టింది.

"ప్రార్థనలో లేయగూడదు పాపా."

"అవ్వా, నా చీటీ..."

"వస్తాది, వస్తాది. అందరివీ వస్తాయి."

అయిదో చీటీ వచ్చింది. విశ్వాసమ్మ మడతలు విప్పుతూ, "ఇది శానా పెద్దదుండాదే," అని కళ్లద్దాలు సర్దుకుంది. తర్వాత ఒక్క అక్షరం పొల్లుపోకుండా చదివింది. అంత మంచి చేతిరాత కాకపోయి ఉంటే ఎక్కడైనా తడబడేదేమో. 'వాసుదేవ్ గారు' దగ్గర గొంతు పెంచింది. 'ఎనిమిది శాతం' దగ్గర చెయ్యెత్తింది. చదవడం అయ్యాక ఊరుకోకుండా తన మాటలూ కలిపింది: "ప్రభువా, టీవీలో కనపడే మా అవినాషు నోటికి కావలి పెట్టు తండ్రీ! ఆ వాసుదేవ్ ఉచ్చులోంచి తప్పించు నాయనా!"

యాభై మంది ఆడవాళ్లు గుండెల నిండా 'ఆమెన్' అన్నారు.

ప్రార్థన ముగిశాక విశ్వాసమ్మ దగ్గరికొచ్చి రెజీనా తల నిమిరింది. "భయపడొద్దు తల్లీ. నలుగురూ ఆమెన్ అంటే బలం. నీ విన్నపం నెరవేరినాక చీటీ నీకే ఇచ్చేస్తాం. ఆదివారం నిలబడి సాక్ష్యం చెప్పల్ల. అది ఈడ మా పద్ధతి."

"మా ఊర్లో చదవరమ్మగారూ," అంది రెజీనా.

చర్చికి ఎదురుగా నాగసుబ్బయ్య కిరాణా కొట్టు. నాగసుబ్బయ్య వాసుదేవ్ పార్టీకి వార్డు మనిషి. అతను కొట్టు మెట్ల మీద నిలబడి, ఫోను ఇంకా చర్చి కప్పు వైపే ఎత్తి పట్టుకుని ఉన్నాడు.

"ఏమ్మా రెజీనమ్మా! మీ ఆయన రాత్రిళ్లు మా పార్టీ గురించి ఏం కలవరిస్తాండాడో దేవునికి జాబు రాసినావంట కదా. మాకూ ఒక కాపీ వచ్చింది."

"అన్నా, అది తుడిపేయండన్నా. నాకు తెలీక..."

"తుడిపేసేదానికి అది నా ఒక్కని ఫోన్లో ఉంటే గదమ్మా," అన్నాడతను, నిజంగానే జాలిపడుతున్నట్టు. "గ్రూపులో ఏసినా. కడప దాకా పోయింటాది ఈపాటికి. సబ్బు ఏమన్నా కావల్నా?"

ఇంటికొచ్చి పదకొండు సార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మెసేజ్ రాసింది, చెరిపింది. 'నేనొక తప్పు చేసినా' అని రాసి అదీ చెరిపింది. చివరికి 'ఒకసారి మాట్లాడండి' అని పంపితే ఒకే ఒక్క టిక్కు పడి నిలిచిపోయింది. పొయ్యి పక్కన ఎండ ముక్క ఎప్పుడో పోయింది. పొట్లంలో బజ్జీలు చల్లారి నూనె కక్కుతున్నాయి. వాసుదేవ్‌కు తెలిస్తే హైదరాబాదు కుర్చీ ఎటూ పోతుంది. అవతలి పార్టీ వాళ్లకు తెలిస్తే అవినాష్ అమ్ముడుపోయిన మనిషని రేపటి నుంచి ఊరంతా అంటుంది. ఆ తర్వాత ఏ చానల్ పిలుస్తుంది? విశ్లేషకునికి ఉన్నదల్లా నోరూ, ఆ నోటి మీద జనం నమ్మకమూ. ఆ రెండింటినీ తను మైకులో పెట్టి ఊరికి పంచింది. అన్నిటికంటే ముందు, అతనికి కోపం వస్తే ఎలా ఉంటాడో ఆమెకు ఇంకా తెలియదు. తొంభై ఆరు రోజుల్లో ఒక్కసారీ చూడలేదు.

అయిదున్నరకు ఇక కూర్చోలేక షేర్ ఆటో ఎక్కి రాజ్ విహార్ దగ్గర దిగింది. స్టూడియో మేడ మీద, కింద టీ కొట్టు. కొట్టు ముందు బెంచీ మీద అవినాష్, వాసుదేవ్ పక్కపక్కనే కూర్చుని ఉన్నారు. మధ్యలో వాసుదేవ్ ఫోను. అందులోంచి సన్నగా విశ్వాసమ్మ గొంతు: "మా అవినాషు నోటికి కావలి పెట్టు తండ్రీ!"

"రామ్మా," అన్నాడు వాసుదేవ్, ఫోను ఆపి. "నీ గురించే అనుకుంటాండాం. కూచో. టీ చెప్పనా?"

"వద్దు సార్."

"భయపడాకు. దీనికి మందు శానా సులభం. ఇప్పుడే చెప్పినా తమ్మునికి. పైన ఆ యాంకరు సుచరిత అడుగుతాది, అడక్క ఊరుకోదు. నువ్వు నవ్వల్ల అవినాష్. 'మా ఆమెకు రాజకీయాలు తెలీవు. కొత్తగా పెళ్లైన పిల్ల. ఏదో విని ఏదో రాసింది' అనల్ల. జనమూ నవ్వుతారు. ఆ నవ్వులోనే ఎనిమిది శాతం చెప్పేయ్. ఇంట్లో ఆడోళ్ల మాటకు ఎవరన్నా విలువిస్తారా?"

రెజీనా నిలబడే మాట్లాడింది. "నేను అన్నీ తెలిసే రాసినా సార్. దేవునికి తప్పు లెక్క ఎట్ల చెప్తాం?"

వాసుదేవ్ నవ్వాడు. "చూసినావా, ఎంత అమాయకురాలో." లేచి అవినాష్ భుజం తట్టాడు. "మాట మాటే కదా తమ్ముడూ. నేనీడనే కూచుని చూస్తాంటా." ఫోను చెవికి పెట్టుకుని రెండడుగులు పక్కకు నడిచాడు.

అవినాష్ టీ గ్లాసులోకే చూస్తున్నాడు. తెల్లచొక్కా కాలరు మీద రాళ్లవంక దుమ్ము. ఆమె చెయ్యి దానంతటదే పోయి ఆ దుమ్ము దులిపింది.

"పక్కింటాయనకు శానా కోపం వచ్చిందా?" అని అడిగింది మెల్లగా.

"పక్కింటాయన ఇంకా ఏం తేల్చుకోలేదు," అని అతను మెట్లెక్కి వెళ్లిపోయాడు.

ఆమె పైకి వెళ్లింది. స్టూడియో బయట గదిలో గోడకు టీవీ, ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలు. కూర్చున్నాక ఆ మాట మళ్లీ చెవిలో మోగింది. తేల్చుకోలేదు. పెళ్లికి ముందు, టీవీలో మాత్రమే అతన్ని చూసే రోజుల్లో, అతను చెప్పిన మాట ఒకటి ఆమెకు కంఠతా వచ్చు. 'సర్వేలో ఇంకా తేల్చుకోలేదు అనేవాళ్లు ఎప్పుడో తేల్చుకుని ఉంటారు. మనకు చెప్పడానికి భయం, అంతే.' మంగళవారం ఖర్జూరం గింజ తిప్పుతూ అన్నదీ అదే మాట. మరి అప్పుడు అతను తేల్చుకున్నది ఏమిటి? తను వేసుకున్న లెక్కేనా?

గోడ గడియారంలో ఏడయింది. సంగీతం మోగింది. సుచరిత నమస్కారం చెప్పి, ఏమాత్రం ఆలస్యం చేయకుండా అవినాష్ వైపు తిరిగింది.

"అవినాష్ గారూ, మధ్యాహ్నం నుంచి ఒక ఆడియో తిరుగుతోంది. మీ పేరు, ఒక పార్టీ వ్యూహకర్త పేరు అందులో ఉన్నాయి. అది ప్రార్థన చీటీ అంటున్నారు. నిజమేనా?"

అవినాష్ నవ్వాడు. వాసుదేవ్ చెప్పిన నవ్వే. రెజీనా కుర్చీ అంచులు పట్టుకుంది.

"నిజమే. మా ఆవిడ రాసింది. కొత్తగా పెళ్లయింది మాకు," అన్నాడు. "కానీ అందులో ఒక తప్పు ఉంది."

ఆమె కళ్లు మూసుకుంది.

"అంకెలు తప్పు కావు. వాళ్లు చెప్పమన్నది ఎనిమిది శాతం ఆధిక్యం. నా సర్వేలో వచ్చింది ఆరు శాతం వెనకంజ. ఇవాళ మళ్లీ రాళ్లవంకలో తిరిగొచ్చాను, ఏమీ మారలేదు. తప్పు ఎక్కడంటే, నేను అబద్ధం చెప్పే మనిషిని కాదని రాసింది. బుధవారం పొద్దున్నే వాళ్లకు ఫోన్ చేసి, ఎనిమిది శాతమే చెబుతానని ఒప్పుకున్నాను. ఆమెకు ఆ సంగతి తెలియదు. ఇప్పుడే వింటోంది."

నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో ఆమె చూడలేదు. తెర మీద అతని ముఖం చెమటతో మెరుస్తోంది. సుచరిత కాగితాల వైపు చూసి, "విరామం తర్వాత కలుద్దాం," అంది.

విరామం తర్వాత అతను రాళ్లవంకలో నీళ్ల ట్యాంకర్ల గురించి, వార్డుల హద్దులు మార్చడం గురించి మాట్లాడాడు. బాగానే మాట్లాడాడు. రెజీనాకు ఒక్క ముక్క ఎక్కలేదు. బుధవారం పొద్దున. ఆ పొద్దున కూడా అతను మూడో బజ్జీ తన వైపు జరిపాడు.

బయటికి వచ్చేసరికి సుచరిత తలుపు దగ్గర ఫోనుతో నిలబడి ఉంది. "ఓనరు గారు చేశారు. రేపు రావద్దన్నారు. ఎల్లుండి సంగతి..." అని భుజాలెగరేసింది. "ఎల్లుండే తెలుస్తుంది సార్."

కింద బెంచీ మీద వాసుదేవ్ లేడు. సగం తాగిన టీ గ్లాసు ఉంది.

బండి రాజ్ విహార్ దాటింది. వెనక కూర్చున్న ఆమె ఎప్పటిలా నడుము పట్టుకోలేదు, వెనక కమ్మీ పట్టుకుంది. కల్లూరు చేరువలో ఆమే అడిగింది.

"ఎందుకు ఒప్పుకున్నారు?"

"మీ నాయన పనిచేసేకాడ ఇంకా నవ్వుతాండారంట కదా, తలకాయ అల్లుడని. హైదరాబాదు చానల్లో కూచుంటే నవ్వరులే అనుకున్నా."

"ఆ నవ్వు నాకిష్టమే. మా నాయనకు గూడా," అంది. "నాకు చెప్పకపోతిరి. నేను దేవుని ముందర మీకు సర్టిఫికెట్ రాసిస్తి."

"అదే విన్నా. వాసుదేవ్ ఫోన్లో పెట్టి నాలుగు సార్లు వినిపించె. ఎనిమిది శాతమనే మాట నాకేం అనిపియ్యలే. ఆ చివరి మాట వచ్చినప్పుడల్లా..." అని అతను బండి వేగం తగ్గించాడు.

సందు మలుపులో చర్చి గేటు దగ్గర విశ్వాసమ్మ ఎదురుచూస్తోంది. చేతిలో నాలుగు మడతల చీటీ. ముఖం వెలిగిపోతోంది. ఎదురు కొట్టులో నాగసుబ్బయ్య తూకం వేయడం ఆపి చూస్తున్నాడు.

"చూస్తిమి తల్లీ, అందరం మా ఇంట్లోనే కూచుని చూస్తిమి! నెరవేరె. ఇదిగో, నీ చీటీ. ఆదివారం సాక్ష్యం."

రెజీనా చీటీ తీసుకుని విప్పింది. వీధి లైటు కింద తన అక్షరాలు ఎవరివో లాగా కనిపించాయి. అవినాష్ జేబులోంచి పెన్ను లాగి, బండి సీటు మీద కాగితం ఆనించి, 'నా భర్త అబద్ధం చెప్పే మనిషి కాదు' అన్న మాట మీద ఒక్క గీత గీసింది, పిల్లల పరీక్ష పేపరు దిద్దినట్టు. దాని చోట ఏమీ రాయలేదు. కింద ధైర్యం దయచేయమన్న మాటను మాత్రం అలాగే ఉంచింది. మళ్లీ నాలుగు మడతలు పెట్టి విశ్వాసమ్మ చేతిలో పెట్టింది.

"ఇంకో వారం పళ్లెంలో ఉండనీండి అమ్మగారూ."

"మళ్లా చదవాల్సొస్తాది మరి. మైకులో."

"చదవండి."

అవినాష్ జేబులో ఫోను మోగుతోంది. తీసి చూశాడు. తెలియని నంబరు. ఎత్తకుండా జేబులో పెట్టుకుని, బండి తోసుకుంటూ ఆమె పక్కన నడిచాడు. ఎల్లుండి ఏమవుతుందో అతనికీ తెలియదు. లెక్క వేయడానికి ఏ పక్కింటినీ అడగలేడు.

ఇంటి మెట్ల దగ్గర ఆగాడు.

"పక్కింటావిడకు కోపం ఎప్పటికి తగ్గుతాదో?"

రెజీనా తాళం తీసింది. లోపల్నుంచి పొద్దుటి బజ్జీల వాసన వచ్చింది.

"వచ్చే శుక్రవారం దాకా ఆమెను సర్వే చేయొద్దండి," అని, అతను బండి లోపల పెట్టుకోవడానికి తలుపు రెండో రెక్క కూడా తెరిచింది.